నేను అప్రూవ్ చేయని వీడియో

మొహాలు కనబడకుండా చూడటం నా ఉద్యోగం. పెళ్లిలోనో పేరంటంలోనో ఎవరైనా "ఏం చేస్తుంటారండీ?" అని అడిగితే "సాఫ్ట్‌వేరే" అని తప్పించుకుంటాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాలంటే వాళ్ల చేతిలో కాఫీ చల్లారిపోయేదాకా వివరించాలి. రాయదుర్గంలో మెట్రో దిగి నడిచి వెళ్లేంత దూరంలో ఒక అద్దాల మేడ ఉంది, అందులో ఒక అంతస్తులో సగం మాది. బయటి దేశాల సంస్థలు మాకు వీడియోలు పంపుతాయి. మా యంత్రం వాటిలో మనుషుల మొహాలను వెతికి పట్టుకుని మసక వేస్తుంది, గొంతులు మార్చేస్తుంది. యంత్రం పొరపాటున వదిలేసిన మొహం ఏదైనా ఉందేమో చూసేవాళ్లం మేము. ఆ చూసేవాళ్లకు పెద్దను నేను. నేను అప్రూవ్ నొక్కితేనే ఏ వీడియో అయినా ఇక్కణ్ణుంచి కదులుతుంది.

అసలు వీడియో మాలో ఎవరికీ కనబడదు. అది నేరుగా యంత్రంలోకి పోతుంది, మసక వేసిన తర్వాతే మా తెరల మీదికి వస్తుంది. మనిషి కన్ను పడనే పడదన్నది మా కంపెనీ చెప్పుకునే గొప్ప. అంటే, మొహాలున్న వీడియో ఎన్నడూ చూడని మేము, మొహాల్లేని వీడియోలు చూసి అంతా సవ్యంగా ఉందని హామీ ఇస్తాం. ఈ పనికి నాకు జీతం ఇస్తారు, నేను తీసుకుంటాను, ఇందులో నాకు సిగ్గేమీ లేదు.

మామూలుగా వచ్చేవి షాపింగ్ మాళ్ల వీడియోలు, ఆసుపత్రి వరండాల వీడియోలు. ఒకసారి వేరే రకం పని వచ్చింది. ఒక దేశంలో సైన్యం ఊళ్ల మీద పడి మగవాళ్లను తీసుకెళ్లిపోయింది. ఆ దేశం పేరు రాయను, రాయనని కంపెనీకి మాట ఇచ్చాను. తీసుకెళ్లినవాళ్లు తిరిగి రాలేదు. తర్వాత గోతులు బయటపడ్డాయి కాని వాటిలో ఎవరెవరున్నారో తేలలేదు. ప్రభుత్వం మారింది, ఆ పని చేసినవాళ్లు మాత్రం ఇంకా అవే వీధుల్లో తిరుగుతున్నారు. కొన్ని దేశాలు కలిసి దర్యాప్తుకు డబ్బు, మనుషులను ఇచ్చాయి. ఆ దర్యాప్తుకు సాయపడే ఒక సంస్థ, బతికి మిగిలినవాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్లు చెప్పిందల్లా వీడియో తీసింది. ఆ వీడియోలను లోకమంతా చూసేలా ఇంటర్నెట్‌లో పెడతారు. పోయినవాళ్లను చివరిసారి ఎక్కడో చూసినవాళ్లు గుర్తుపట్టి ముందుకొచ్చి సాక్ష్యం చెబుతారని ఆశ. పెట్టేముందు సాక్షులకు ఆపద రాకుండా మొహాలు దాచాలి. ఆ దాచే పని మాకు వచ్చింది.

ఆ రోజు మా హెచ్ఆర్ వాళ్లు కేకు తెప్పించారు. దాని మీద క్రీముతో పావురం బొమ్మ, కింద ఇంగ్లిష్‌లో మానవ హక్కులు అన్న మాట. అందరూ తెల్లబట్టల్లో రావాలని ముందురోజే మెయిల్ పెట్టారు. నేను కావాలని ఎర్రచీర కట్టుకెళ్లాను. మా మేనేజరు కేకు కోసి, మనం చరిత్రలో భాగమవుతున్నామని చిన్న ఉపన్యాసం ఇచ్చారు. నా వాటాకు పావురం రెక్క వచ్చింది. ఎవరి కొంపలు కూలాయని మనం కేకు తింటున్నామో ఒక్కరికైనా గుర్తుందా అనిపించి ఒళ్లు మండింది. అయినా తిన్నాను.

మేనేజరు కడప వైపు మనిషి. చెడ్డవారు కాదు. మాలో ఎవరికి జ్వరమొచ్చినా ముందు ఆయనే ఇంటికి పంపేస్తారు. క్లయింటుకు కోపం రాకూడదన్నది మాత్రం ఆయనకు దేవుడి మాట కంటే ఎక్కువ. నా పక్క సీటులో కూర్చునే అమ్మాయి హఫీజ్‌పేట్ నుంచి లోకల్ రైల్లో వస్తుంది. పుట్టిపెరిగింది ఇక్కడే. నాకంటే బాగా చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఆమె కన్ను డేగ కన్ను, జనంలో ఎక్కడో మూలనున్న సగం మొహాన్ని కూడా పట్టేస్తుంది. ఆమె చూసి పంపినదాన్ని నేను పైపైనే చూసి నొక్కేస్తుంటాను.

మా దగ్గర అందరూ సౌండు తీసేసి పనిచేస్తారు. మొహాలు వెతకడానికి చెవులతో పనేముంది? నాకు మాత్రం మూగ బొమ్మలు చూస్తుంటే నిద్ర వస్తుంది, అందుకని సౌండు పెట్టుకుంటాను. ఆ రోజు ఆ అమ్మాయి చూసి పంపిన వీడియో తెరిచాను. సున్నం గోడ ముందు కుర్చీ, కుర్చీలో నల్ల శాలువా కప్పుకున్న ఒక ఆడమనిషి. తల ఉండాల్సిన చోట బూడిదరంగు మసక. యంత్రం మార్చిన గొంతు మొద్దుగా, ఆడో మగో తెలియకుండా వినిపిస్తోంది. భాష నాకు రాదు. కాసేపటికి ఆమె ఒళ్లోంచి ఒక ఫొటో ఫ్రేము తీసి కెమెరా వైపు ఎత్తి పట్టుకుంది. ఆ ఫ్రేములో కూడా మసకే.

మా యంత్రానికి మొహమంటే మొహమే. కుర్చీలో ఉన్న మనిషిదా, ఫొటోలోదా అన్న తేడా దానికి అనవసరం. ఫొటోలోని మొహాన్ని కూడా చక్కగా, అంచు చెదరకుండా చెరిపేసింది.

ఆమెకు ఆ సంగతి తెలియదు కదా. ఆమె ఫ్రేము మీద వేలు పెట్టి ఏదో చెబుతోంది. కిందగా ఒకచోట వేలితో తట్టింది, పైన ఇంకోచోట తట్టింది. ఫ్రేమును కెమెరాకు ఇంకా దగ్గరగా తెచ్చింది. తెర నిండా బూడిదరంగు తప్ప ఏమీ లేదు, దాని మీద ఆ వేలు కదులుతోంది. ఆమె వేలు పెట్టి చూపించేదాన్నే మేము తుడిచేశాం.

పక్కకు తిరిగి, "ఇది చూశావా?" అని అడిగాను.

"చూసినక్కా. ఒక్కటి గూడ మిస్ గాలే. మొత్తం కవరైంది."

"ఆవిడ చేతిలో ఏముంది?"

"ఫొటో." అంటూ నా తెర మీదికి వంగి చూసింది. "అయ్యో. ఫొటో గదా అక్కా అది."

"ఎవరిదంటావు?"

"కొడుకుదో, మొగనిదో. మనకేం ఎర్క? కనిపిస్తలేదాయె."

అప్పటిదాకా అప్రూవ్ చేయకుండా ఉన్న మిగతా వీడియోలు ఇద్దరం తెరిచాం. దాదాపు ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి పట్టుకొచ్చారు. ఒకాయన పర్సులోంచి గుర్తింపు కార్డు తీశాడు. ఒకామె ఫోన్ తెర చూపించింది. ఒక ముసలాయన స్కూలు గ్రూపు ఫొటో రెండు చేతులా పట్టుకున్నాడు. అందులో పిల్లలు యూనిఫాంలలో వరసగా నిలబడ్డారు, కాలర్ల పైన అన్నీ బూడిదరంగు గుండ్రాలే. ఆయన వాటిలో ఒకదాని మీద వేలుంచి ఎంతసేపు మాట్లాడాడో. మా లెక్క ప్రకారం ఈ వీడియోల్లో ఒక్క తప్పు లేదు.

మేనేజరు గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన లాప్‌టాప్‌లో నుంచి తలెత్తలేదు.

"ఇన్‌స్ట్రక్షన్‌లో ఏముంది మేడమ్? వీడియోలో ఉండే మొహాలన్నీ అని ఉంది గదా. అన్నీ అంటే అన్నీ."

"అన్నీ అని రాసినవాళ్లకి ఫొటోలు గుర్తొచ్చి ఉండవండీ. ఒక్కమాట అడుగుదాం."

"ఇప్పుడెట్లా అడిగేది? డౌట్లు అడిగే టైము ఎప్పుడో అయిపాయ. ఇప్పుడు అడిగితే వీళ్లకు పనే అర్థం కాలేదనుకుంటారు."

"అనుకోనివ్వండి. అర్థం కాలేదుగా నిజంగానే."

అప్పుడు తలెత్తారు. "ఇంకోటి చెప్తా వినండి. కొడుకు ఫొటో చూపిస్తే తల్లి ఎవరనేది ఊరంతా తెలిసిపోదా? ఇంక ఆమె మొహం దాచి ఏం లాభం? రేపు ఆమెకేమన్నా అయితే మీరు జవాబు చెప్తారా?"

న్యాయమైన ప్రశ్నే. బయటికొచ్చేశాను. ఇంటికొచ్చే కంపెనీ క్యాబులో నిజాంపేట ట్రాఫిక్‌లో కూర్చున్నంతసేపూ ఆ ప్రశ్నే తిరగేశాను. క్యాబు ప్రగతి నగర్ చెరువు దగ్గరికి వచ్చేసరికి తట్టింది. ఆమెకు ఆపద వస్తుందా రాదా, వస్తే భరించాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన సంగతి. ఫొటో ఒళ్లో పెట్టుకుని కెమెరా ముందు కూర్చున్న మనిషికి ఆపాటి తెలియదా? ఆమెను అడగకుండా ఆమె తరఫున భయపడటానికి రాయదుర్గంలో ఏసీ గదిలో కూర్చున్న మేమెవరం?

ఆ రాత్రి అన్నాల దగ్గర మా ఆయనతో చెప్పాను. ఆయనది ప్రభుత్వోద్యోగం, పైవాళ్లు చెప్పింది చేయడమే ఒంటికి మంచిదని నమ్మే మనిషి. "నీకెందుకే ఈ గోలంతా? చెప్పిన పని చేసి జీతం తీసుకోక," అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. లేచి వెళ్లి ఫ్రిజ్ మీదున్న పసుపురంగు అతుకుడు కాగితం ఒకటి చింపి, హాల్లో దండ వేసి ఉన్న మా మామగారి ఫొటోలో సరిగ్గా మొహం మీద అంటించాను.

"నీకేమన్నా మతి పోయిందా? నాన్న మొహం మీద కాగితమేంటే!" ఎంగిలి చేత్తోనే లేచి వచ్చారు.

"ఆయన ఎలా ఉండేవారో మీకు తెలుసుగా. కాగితం ఉంటే ఏమవుతుందండీ?"

ఎడం చేత్తో ఆ కాగితం పీకేసి, అద్దాన్ని లుంగీ అంచుతో తుడిచారు. తుడిచిన చోటే మళ్లీ తుడిచారు. వచ్చి కూర్చుని మజ్జిగ పోసుకుని, "ఆ సంస్థకి నువ్వే తిన్నగా రాయి. మీ మేనేజరు రాయడు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే రాసేశాను. మా కంపెనీలో నాలాంటివాళ్లు క్లయింటుకు సూటిగా రాయకూడదు. మేనేజరు రాయాలి, ఆయన పైన ఇంకొకరు చూడాలి. నేను మేనేజరుకు కూడా కాపీ పెట్టి మరీ రాశాను, చాటుగా చేశానని ఎవరూ అనకుండా. ఆయన మొహం కందగడ్డలా చేసుకుని నా సీటు దగ్గరికే వచ్చారు. "డైరెక్టుగా మెయిల్ పెట్టినారా మేడమ్! నన్నడగకుండానే?"

"మిమ్మల్ని అడిగానండీ. మీరు వద్దన్నారు."

సంస్థ నుంచి జవాబు వచ్చింది. నా సూచన ఎంతో విలువైనదట. వచ్చే విడతలో తప్పకుండా పరిశీలిస్తారట. ఈ విడత వీడియోలు అనుకున్న ప్రకారం పంపేయమన్నారు. చివర్లో న్యాయం కోసం సాగే ఈ ప్రయాణంలో తోడున్నందుకు కృతజ్ఞతలు కూడా. చదువుతూ పళ్లు పటపట కొరికాను. బాధపడినవాళ్లకు ప్రపంచమంతా అండగా ఉందని వాళ్ల వెబ్‌సైటులో పెద్దపెద్ద అక్షరాలతో రాసుకున్నారు. అండగా ఉండటమంటే వాళ్లు ఎత్తి చూపించేదాన్ని చూడటం. అది కూడా చేతకాకపోతే ఇక అండ దేనికి?

"చూసినారా, వాళ్లే చెప్పినారు. ఇంక నొక్కండి," అన్నారు మేనేజరు.

"నొక్కనండి."

"నొక్కకపోతే ఎట్లా మేడమ్?"

"నేను నొక్కితే ఈ వీడియో సరిగ్గా ఉందని అర్థం. ఇది సరిగ్గా లేదు. కాబట్టి నొక్కను."

ఆయన నొక్కే అధికారం నా పేరు నుంచి తీసి నా పక్కనున్న అమ్మాయి పేరు మీదికి మార్పించారు. ఆ అమ్మాయి ఇంటి కిరాయి, చెల్లెలి చదువు అన్నీ ఆ ఒక్క జీతం మీదే నడుస్తాయని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. అందుకే నేను ఆమెతో ఒక్కమాట కూడా అనలేదు, ఆమె వైపు చూడనైనా లేదు. ఆమె నొక్కినా తప్పు పట్టకూడదని ముందే అనుకున్నాను.

ఆమె కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడింది. "నేను గూడ నొక్క సార్."

"ఏం, నీకు కూడా మేడమ్ చెప్పిందా?"

"అక్క ఏం చెప్పలే సార్. ఆ పిల్లల ఫొటో చూసినసంది నాకే పరేషాన్ అయితున్నది. వాళ్లను ఇగ గట్లనే తుడిచేసి పంపుమంటె నాతోని గాదు. నౌకరి తీసేస్తె తియ్యుండ్రి."

మేనేజరు ఇద్దరినీ మార్చిమార్చి చూసి గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఆ అమ్మాయి కూర్చుని తన తెర మీదున్న వీడియో మూసేసింది. నాకు గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. నా ఉద్యోగం పోతే మా ఇంట్లో ఇంకో జీతం ఉంది. ఆమెకు లేదు.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదని సంస్థకు మళ్లీ రాశాను. ఈసారి వివరించలేదు. స్కూలు ఫొటో ఉన్న దృశ్యాన్ని ఒక బొమ్మగా తీసి, వరసగా ఉన్న ఆ బూడిద గుండ్రాలతో సహా పెట్టాను. "ఈ ముసలాయన ఎవరిని చూపిస్తున్నాడో చెప్పగలరా? ఇలా పెట్టమంటారా అని ఆయన్ను అడిగారా? అడిగేదాకా మేమిద్దరం అప్రూవ్ చేయం," అని కింద రాశాను.

దానికి జవాబుగా మెయిల్ రాలేదు, ఫోను వచ్చింది. ఫోను చేసినామె ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషి, ఇప్పుడు ఆ సంస్థలో పనిచేస్తోంది. వీడియోలు తీసినప్పుడు వాళ్లందరి పక్కనా కూర్చున్నది ఆమేనట. యంత్రం తుడిచిన తర్వాత అవి ఎలా ఉన్నాయో అక్కడ ఒక్కరూ చూడలేదు. మా మీద నమ్మకంతో నేరుగా పెట్టేయబోతున్నారు. ఆ బొమ్మ చూడగానే ఫోను తీశానని చెప్పింది. మళ్లీ వెళ్లి ఒక్కొక్కరినీ అడుగుతాను, అందాకా ఏదీ పంపొద్దు అంది. మేనేజరు నా పక్కనే కూర్చుని అంతా విన్నారు. క్లయింటే ఆపమన్నాక ఆయనకు అనడానికేముంది?

అందరినీ అడిగి వచ్చాక ఆమె మాతో వీడియో కాల్‌లో కూర్చుంది. కొందరు ఫొటో కూడా దాచమన్నారట, వాళ్లకు ఇంకా ఇంట్లో మగపిల్లలున్నారు. వాళ్ల మాటే చెల్లాలి, అందులో వాదనేం లేదు. ఎక్కువమంది ఫొటో చూపించమన్నారు. స్కూలు ఫొటో తెచ్చిన ముసలాయన, ఇన్నాళ్లూ ఇంకా పెట్టలేదా అని కోప్పడ్డాడట. ఆ నల్ల శాలువా తల్లి అన్న మాట మాత్రం ఆమె కాగితంలో రాసుకొచ్చి చదివింది. "నా కొడుకును తీసుకెళ్లేటప్పుడు వాళ్లు తలకు గోనెసంచి తొడిగారు. మళ్లీ తొడగడానికి మీరెవరు?"

మా మేనేజరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. నేను కిందికి చూశాను.

"ఇంకోటి ఉంది," అంది ఆమె. "ఆ తల్లి తన మొహం కూడా దాచొద్దంటోంది. గొంతు కూడా మార్చొద్దంటోంది. మా వకీళ్లు ప్రమాదం వివరించి, ఆలోచించుకోమని పంపేశారు. ఆలోచించుకుని వచ్చి, దర్యాప్తు అధికారుల ముందు మళ్లీ అదే చెప్పింది. ఇక కాదనే హక్కు మాకు లేదు."

ఏ మొహం ఉంచాలో, ఏది దాచాలో యంత్రానికి తెలియదు. అందుకని ఆ వీడియోల వరకు అసలువి చూసే అనుమతి నాకు, ఆ అమ్మాయికి ఇచ్చారు. కంపెనీలో అది మొదటిసారి. ఉన్న గడువు తప్పిపోయింది, మిగతా టీముకు శనివారాలు పోయాయి, కొందరు నాతో మాట్లాడటం మానేశారు. మేనేజరు పిలిచి కూర్చోబెట్టారు. "మంచి జరిగింది, నేను కాదనను. కానీ మీ రివ్యూలో మాత్రం రాయాల్సి వస్తాది మేడమ్, ప్రాసెస్ పాటించరని. పైవాళ్లు అడుగుతాండారు. ఇంకోసారి ఇట్లా చేయనని ఒక్క మాట చెప్పండి, తగ్గించి రాస్తా."

"తగ్గించొద్దండీ, పూర్తిగా రాయండి," అన్నాను. "ఇంకోసారైనా ఇలాగే చేస్తాను. అది కూడా రాయండి."

ఆ మధ్యాహ్నం ఆ తల్లి అసలు వీడియో తెరిచాం. ఆ అమ్మాయి తన కుర్చీ నా పక్కకు లాక్కుంది. ఈసారి సంస్థవాళ్లు వేసిన ఇంగ్లిష్ అనువాదం కింద వస్తోంది. ఫొటోలో కుర్రాడికి పెదవి కింద పుట్టుమచ్చ ఉంది, కనుబొమ దగ్గర చీలిన గుర్తు ఉంది. ఎవరో పక్కనుంచి ఏదో అంటే నవ్వాపుకుంటున్నట్టున్నాడు. మసకలో చూసినన్నాళ్లూ ఆ తల్లి ఊగే భుజాలు చూసి, పాపం ఏడుస్తోందని అనుకున్నాం. ఆఫీసులో అందరం అలాగే అనుకుని జాలిపడ్డాం.

"అక్కా," అంది ఆ అమ్మాయి మెల్లగా. "ఏడుస్తలేదు ఈమె. కొట్లాడుతున్నది."

నిజమే. ఆ కళ్లలో తడి లేదు. దవడ బిగించి, కెమెరాలోకి కన్నార్పకుండా చూస్తూ, గొంతెత్తి అడుగుతోంది. నల్లని మొహం, నెరిసిన కనుబొమలు, తీవ్రమైన కోపం. ఆమె మాట్లాడుతున్నది మాతో కాదు, ఆ సంస్థతోనూ కాదు.

"వాణ్ణి తీసుకెళ్లినవాడా, ఇది నువ్వూ చూస్తావని నాకు తెలుసు," అని కింద అక్షరాలు వచ్చాయి. "నీ ఇల్లు మా వీధి చివరే. రోజూ నా ఎదురుగానే నడిచి వెళతావు. నేనెవరినో నీకు తెలుసు. నా మొహం చూసి చెప్పు, నా కొడుకును ఎక్కడ పూడ్చావు?"

చివరిదాకా చూశాం. ఎక్కడా మసక లేదు. నేను అప్రూవ్ నొక్కాను.